బరువు తగ్గించేది డబ్బానా, మానేసిన పూటా?

బరువు తగ్గించే ప్యాకేజీ ఏదైనా కొనే ముందు, వాళ్లిచ్చిన చార్టు తీసుకుని అందులో వాళ్లు అమ్మే సరుకుల పేర్లన్నీ పెన్నుతో కొట్టేయండి. ఇక మిగిలేది దాదాపు ఎప్పుడూ ఇదే: పొద్దున టిఫిన్ బంద్, రాత్రి అన్నం బంద్, స్వీట్లు బంద్, వేపుళ్లు బంద్, రోజూ ముప్పావుగంట నడక. ఇవన్నీ పాటిస్తే పొడి తాగినా తాగకపోయినా బరువు తగ్గుతుంది. డబ్బు కట్టింది పొడికి, పని చేసింది మానేసిన టిఫిన్. కింద పోల్చిన పద్ధతులన్నిటికీ ముందు ఈ కొట్టివేత పరీక్షే పెట్టాం. ఆ తర్వాత మూడు సంగతులు చూశాం: నెలకు ఎంతవుతుంది, ఆపేశాక ఏమవుతుంది, ఎవరు దాని జోలికి పోకూడదు.

మొదటి వారం ఎందుకు మోసం చేస్తుంది

కాలేయంలో, కండరాల్లో కలిపి సుమారు 400 నుంచి 500 గ్రాముల పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. ప్రతి గ్రాము దాదాపు 3 గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అన్నం, రొట్టె, పండ్లు ఒక్కసారిగా మానేస్తే కొద్ది రోజుల్లోనే ఈ నిల్వ చాలావరకు కరిగిపోతుంది, దాంతో నీరూ పోతుంది. నిల్వ 450 గ్రాములనుకుంటే నీరు 1,350 గ్రాములు, మొత్తం 1.8 కిలోలు. ఇక అసలు కొవ్వు సంగతి. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కెలోరీల లోటు కావాలి. రోజుకు 700 కెలోరీలు తక్కువ తిన్నా వారానికి 4,900, అంటే 640 గ్రాములు. కాటా మాత్రం దాదాపు రెండున్నర కిలోలు తగ్గినట్టు చూపిస్తుంది. అందులో కొవ్వు పావువంతే.

'వారంలో మూడు కిలోలు' అనే ప్రకటనలన్నీ ఈ నీటి మీదే బతుకుతున్నాయి. ఒక పెళ్లికి వెళ్లి రెండు పూటలు భోంచేస్తే నిల్వ మళ్లీ నిండుతుంది, రెండు కిలోలు వెనక్కి వస్తాయి. అప్పుడు 'ఆపేశారు కాబట్టే పెరిగారు, ఇంకో నెల తీసుకోండి' అంటారు. ఒకరోజు పండ్లు, ఒకరోజు కూరగాయలు, నాలుగోరోజు అరటిపండ్లు, పాలు అంటూ సాగే ఏడు రోజుల జీఎం డైట్ కూడా ఈ కోవలోదే. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

కాబట్టి ఏ పద్ధతినైనా నాలుగు వారాలకు ముందు మంచిదనీ చెడ్డదనీ తేల్చకండి. రోజూ పొద్దున్నే కాలకృత్యాలయ్యాక, ఏమీ తినక తాగక ముందు, అదే కాటా మీద బరువు చూసి రాసుకోండి. ఏడు రోజుల సగటు తీసి వారానికీ వారానికీ పోల్చండి. ఉప్పు, మలబద్ధకం, నెలసరి వల్లే బరువు కిలో, రెండు కిలోలు అటూ ఇటూ ఊగుతుంది. దాంతోపాటు నడుం చుట్టుకొలత కూడా చూడండి. కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ నట్టనడుమ టేపు పెట్టి, మామూలుగా ఊపిరి వదిలినప్పుడు కొలవాలి. మనవాళ్లకు మగవారిలో 90, ఆడవారిలో 80 సెంటీమీటర్లు దాటితే పొట్ట లోపల కొవ్వు చేరిందని అర్థం.

షేక్ డబ్బా

ఇది మన ఊళ్లలో బాగా పాతుకుపోయిన వ్యాపారం. వీధి చివర ఒక గది, గోడ మీద 'ముందు, తర్వాత' ఫొటోలు, ఉచితంగా బాడీ చెకప్. కాళ్ల కింద పెట్టే ఆ మిషన్ ఒంట్లోకి చిన్న కరెంటు పంపి, దానికి ఎంత అడ్డం తగిలిందో చూసి కొవ్వు శాతాన్ని అంచనా వేస్తుంది. నీళ్లు ఎక్కువ తాగారా, చెమట పట్టిందా, భోంచేసి వచ్చారా అన్నదాన్ని బట్టే అంకె మారుతుంది. 'మీ శరీరం వయసు 52' అని అది చెప్పేది కంపెనీ రాసుకున్న సూత్రం ప్రకారమే తప్ప వైద్య పరీక్ష కాదు. ఆ అంకె చూసి భయపడి అక్కడికక్కడే ప్యాకేజీ కట్టేవాళ్లు చాలామంది. ఏదైనా కొనేది మర్నాడే అని ముందే నియమం పెట్టుకుని వెళ్లండి.

డబ్బా వెనక వైపు చదవడం నేర్చుకోవాలి. ఒక ఉదాహరణ వేసుకుందాం: 500 గ్రాముల డబ్బా, ధర 2,000 రూపాయలు, ఒక్కసారికి 25 గ్రాములు. అంటే 20 సార్లకు వస్తుంది. రోజుకు రెండు పూటలైతే పది రోజుల్లో అయిపోతుంది, నెలకు మూడు డబ్బాలు, 6,000 రూపాయలు. పాల ఖర్చు వేరే. ముందు వైపు 'ప్రొటీన్ 17 గ్రాములు' అని పెద్ద అక్షరాలతో ఉంటే, కింద చిన్న అక్షరాల్లో 'పాలతో కలిపితే' అని ఉందేమో చూడండి. 250 మిల్లీలీటర్ల పాలలోనే దాదాపు 8 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. సగం మీ ఫ్రిజ్‌లోదే అన్నమాట.

అదే పూటకు రెండు ఉడికించిన గుడ్లు, 30 గ్రాముల పెసలు నానబెట్టి మొలకెత్తించినవి తింటే 19 గ్రాముల ప్రొటీన్, 250 కెలోరీల లోపు. గుడ్డు తినని ఇంట్లో 50 గ్రాముల పెసలతో చెంచాడు నూనె వేసి కాల్చిన పెసరట్టు, గ్లాసు మజ్జిగ: 12, 13 గ్రాముల ప్రొటీన్, సుమారు 230 కెలోరీలు. రెండూ మీ ఊరి ధరల్లో లెక్కవేసి డబ్బాలోని ఒక్క గ్లాసు ధర పక్కన పెట్టండి.

పొడి విషమని కాదు. పొద్దున ఆరింటికే బస్సెక్కాల్సినవాళ్లకు ఒక పూట భోజనానికి బదులుగా కొలత ప్రకారం తాగితే అది పని చేస్తుంది, ఎందుకంటే ఆ పూట 200 కెలోరీలతో సరిపోతుంది. చిక్కు ఎక్కడంటే పొడి ఆపిన రోజున ఏం తినాలో మనిషికి తెలియదు. మూడు నెలలు పొడి కలపడం నేర్చుకున్నారు, పళ్లెం సర్దుకోవడం నేర్చుకోలేదు. ఇంకొకటి: ఇలాంటి సప్లిమెంట్ల మీద 'వైద్య అవసరానికి కాదు' అని ఇంగ్లీషులో రాయాలన్నది కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. అలాంటి డబ్బానే చూపించి థైరాయిడ్, షుగర్, పీసీఓడీ (అండాశయాల్లో నీటి బుడగల సమస్య) తగ్గుతాయంటే చెప్పేవారి మాట వినాలో లేబుల్ మాట వినాలో మీరే చూసుకోండి.

నూనె తాగే డైట్, కీటో

తెలుగు రాష్ట్రాల్లో వీరమాచనేని రామకృష్ణ పేరుతో ఇంటింటికీ చేరిన పద్ధతి ఇది: రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, ఎక్కువగా కొబ్బరి నూనె, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, మల్టీవిటమిన్ మాత్రలు. కొట్టివేత పరీక్ష ఇక్కడా పెట్టండి. 70 గ్రాముల నూనె 630 కెలోరీలు. ఘనాహారం లేకుండా దాని మీదే గడిపితే రోజుకు వెయ్యి కెలోరీల లోటు తేలిగ్గా వస్తుంది. తగ్గడం నిజమే. తగ్గించింది మాత్రం నూనె కాదు, మానేసిన మూడు పూటలు.

పిండిపదార్థం తగ్గిస్తేనే కొవ్వు కరుగుతుందన్న మాటను గట్టిగా పరీక్షించిన అధ్యయనం ఒకటుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 609 మందిని రెండు జట్లుగా చేసి ఏడాదిపాటు గమనించి 2018లో ఫలితాలు ప్రకటించింది. కొవ్వు తగ్గించి తిన్న జట్టు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థం తగ్గించి తిన్న జట్టు 6 కిలోలు తగ్గింది. గణాంకాల ప్రకారం దాన్ని తేడాగా లెక్కించలేం. ఆసక్తికరమైనది మరొకటి: ఒకే జట్టులో ఒకరు పాతిక కిలోలకు పైగా తగ్గితే ఇంకొకరు పెరిగారు. పద్ధతుల మధ్య తేడా కన్నా మనుషుల మధ్య తేడానే పెద్దది. మీ బావమరిదికి పని చేసిందన్నది మీకు పని చేస్తుందనడానికి సాక్ష్యం కాదు.

అయితే ఆకలి తెలియకపోవడం కీటోలో, అంటే పిండిపదార్థం దాదాపు మానేసి కొవ్వు మీద గడిపే పద్ధతిలో, నిజమైన లాభం, షుగర్ ఉన్నవాళ్లకు అంకెలు త్వరగా దిగుతాయి కూడా. ప్రమాదం కూడా సరిగ్గా అక్కడే ఉంది. గ్లైమిపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ అదే మోతాదులో వాడుతూ అన్నం మానేస్తే షుగర్ పడిపోయి స్పృహ తప్పవచ్చు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్లయితే షుగర్ రీడింగ్ మామూలుగానే కనిపిస్తూ రక్తం ఆమ్లంగా మారే కీటోఅసిడోసిస్ రావచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం మొదలైతే గ్లూకోమీటర్ చూసి ధైర్యం తెచ్చుకోకుండా ఆస్పత్రికి వెళ్లాలి. మీ చీటీలో ఈ పేర్లుంటే డాక్టరు మోతాదు మార్చకుండా ఈ దారిలో ఒక్కరోజు కూడా వెళ్లకండి. కిడ్నీ జబ్బు, గర్భం, పాలిచ్చే తల్లులు, టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లకు ఇది అసలు వద్దు.

కొబ్బరి నూనెలో పదింట ఎనిమిది వంతుల పైనే సంతృప్త కొవ్వు. రోజుకు 2,000 కెలోరీలు తినే మనిషికి 22 గ్రాములు మించవద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. 70 గ్రాముల నూనె ఒక్కటే దానికి రెండింతలు దాటుతుంది. చేసి తీరతామనేవాళ్లు మొదలుపెట్టే ముందు ఒకసారి, ఆరు వారాలకు మరోసారి లిపిడ్ ప్రొఫైల్ అనే రక్తపరీక్ష చేయించి ఎల్‌డీఎల్ (చెడు కొలెస్టరాల్) పోల్చుకోవాలి. ఏ పద్ధతిలోనైనా వారానికి కిలోన్నర మించి తగ్గుతుంటే పిత్తాశయంలో రాళ్ల భయం పెరుగుతుంది. జుట్టు మాత్రం వెంటనే రాలదు, రెండు మూడు నెలల తర్వాత గుప్పెళ్లుగా వస్తుంది. అప్పటికి డైట్ ఆపేసి ఉంటారు కాబట్టి నింద షాంపూ మీదకు పోతుంది.

ఉపవాసపు గంటలు

లంకణం పరమౌషధమని మనకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. పదహారు గంటలు కడుపు ఖాళీగా ఉంచి ఎనిమిది గంటల్లోనే తినే పద్ధతికి సరుకేమీ కొననక్కర్లేదు, అదే దీని గొప్ప. యాప్‌కు చందా కట్టమంటే కట్టకండి, గోడ గడియారం చాలు. చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మందిపై ఏడాది జరిపిన పరీక్ష ఫలితం 2022లో వచ్చింది. రెండు జట్లకూ ఒకే కెలోరీలు, ఒక జట్టు మాత్రం ఎనిమిది గంటల్లోనే తినాలి. గంటలు పాటించినవాళ్లు 8 కిలోలు, పాటించనివాళ్లు 6.3 కిలోలు తగ్గారు. గణాంకాల ప్రకారం ఇదీ తేడా కిందికి రాదు. అంటే గడియారానికి ప్రత్యేక మహిమ లేదు. రాత్రి తొమ్మిది తర్వాత టీవీ ముందు మిక్చరు తినే అలవాటున్న వాళ్లకు మాత్రం ఇది గేటుకు తాళం వేసినట్టు పనికొస్తుంది. పొద్దున తినక మధ్యాహ్నం రెండింతలు తినేవాళ్లకు దండగ.

చపాతీ, సిరిధాన్యాలు

రాత్రి అన్నం మాని చపాతీ తినడం మనకు ఖర్చులేని డైట్. లెక్క చూడండి. 35 గ్రాముల పిండితో చేసిన చపాతీలు మూడు, ఒక్కోదానికి చెంచాడు నూనె: 450 కెలోరీలు. అది సుమారు 350 గ్రాముల అన్నంతో సమానం. నూనె లేని పుల్కాలు రెండే తింటే 220 కెలోరీలు, అప్పుడు లాభం ఉంది. లాభం గోధుమది కాదు, లెక్కపెట్టి తినడానిది. అన్నం వడ్డనలో లెక్క ఉండదు, పుల్కాకు ఉంటుంది.

కొర్రలు, రాగులు, జొన్నల్లో వంద గ్రాములకు 320 నుంచి 335 కెలోరీలు, బియ్యంలో 350 పైచిలుకు. తేడా స్వల్పం. పీచు ఎక్కువ కాబట్టి కడుపు త్వరగా నిండుతుంది, తక్కువ తింటే తగ్గుతారు. కొర్రన్నం రెండు పళ్లేలు తింటే తగ్గరు. సిరిధాన్యాల కుకీలు, లడ్డూలు కొనేటప్పుడు పదార్థాల జాబితాలో మొదటి మూడు పేర్లు చదవండి, చక్కెర లేదా బెల్లం అక్కడే కూర్చుని ఉంటుంది.

గోలీలు, టీలు, బెల్టులు

ఇక్కడ ఓర్పు అవసరం లేదు, వద్దని చెప్పడమే. గార్సీనియా, అంటే కేరళలో చేపల పులుసులో వేసే కుడంపులి జాతి కాయ సారం, 135 మందికి 12 వారాలు ఇచ్చి చూసిన పరీక్ష 1998లోనే వచ్చింది: మందులేని ఉత్త గోలీలు మింగినవాళ్లకూ వీళ్లకూ తేడా లేదు. పచ్చి కాఫీ గింజల సారానికి పేరు తెచ్చిన అధ్యయనం మన దేశంలోనే 16 మందిపై జరిగింది. లెక్కలు నమ్మదగినవి కావని 2014లో దాన్ని ఉపసంహరించారు. గోలీలు మాత్రం ఇంకా అమ్ముతూనే ఉన్నారు. గ్రీన్ టీ తాగితే నష్టం లేదు, దాని గాఢ సారం గోలీలుగా మింగితే కాలేయం దెబ్బతిన్న సందర్భాలున్నాయి.

'పూర్తిగా ఆయుర్వేదం' అంటూ వారంలోనే ఆకలి చచ్చిపోయేలా చేసే గోలీ అయితే మరింత అనుమానించాలి. గుండెకు ముప్పని మన దేశం 2011లో నిషేధించిన సిబుట్రమిన్‌ను ఇలాంటి 'సహజ' గోలీల్లో చెప్పకుండా కలిపినట్టు వివిధ దేశాల అధికారుల పరీక్షల్లో పదేపదే బయటపడింది. నోరెండిపోవడం, గుండె దడ, నిద్రపట్టకపోవడం దాని గుర్తులు. గోలీ ఆపి, అట్టను పారేయకుండా డాక్టరుకు చూపించండి.

స్లిమ్మింగ్ టీల్లో ఎక్కువగా ఉండేది సునాముఖి ఆకు, అంటే విరేచనకారి. తిన్నదాంట్లోని శక్తి చిన్నపేగులోనే ఒంటికి పట్టేస్తుంది. సునాముఖి పని చేసేది దాని తర్వాతి పెద్దపేగులో. పోయేది నీరూ పొటాషియమే. చెమట బెల్టు సంగతీ అంతే, లీటరు చెమట కిలో బరువు, లీటరు నీళ్లు తాగగానే సరి.

ఇంజెక్షన్లు

ఖరీదైన వాటన్నిటిలో కొట్టివేత పరీక్షకు నిలబడేది ఇదొక్కటే. ఆకలిని తగ్గించే సెమాగ్లుటైడ్ అనే ఇంజెక్షన్ వాడినవాళ్లు 68 వారాల్లో సగటున 14.9 శాతం, మందులేని ఉత్త ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లు 2.4 శాతం బరువు తగ్గారు. అదే కోవకు చెందిన టిర్జెపటైడ్‌తో ఇంకా ఎక్కువ. అది 2025 మార్చిలో మౌంజారో పేరుతో మన దేశానికి వచ్చినప్పుడు 5 మిల్లీగ్రాముల వయల్ 4,375 రూపాయలు. వారానికొకటి చొప్పున నెలకు 17,500. ధరలు మారుతుంటాయి, డాక్టరు రాసిన మోతాదుకు ఇవాళ్టి ధర అడగండి. సెమాగ్లుటైడ్ ఆపేసిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు వెనక్కి వచ్చింది. కాబట్టి ఒక నెల ఖర్చు కాదు, ఏళ్ల తరబడి ఖర్చు లెక్కవేసుకోవాలి. వికారం, వాంతులు, మలబద్ధకం సాధారణం. పాంక్రియాస్ వాపు అరుదుగా వస్తుంది. ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే, గర్భం దాల్చాలనుకుంటే వాడకూడదు. పెళ్లికి ఐదు కిలోలు తగ్గడానికి ఇది మందు కాదు. ఊబకాయంతో పాటు షుగర్, నిద్రలో ఊపిరాగడం, మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్లు ఎండోక్రినాలజిస్టుతో, అంటే హార్మోన్ల డాక్టరుతో, మాట్లాడాల్సిన విషయం. చీటీ లేకుండా ఆన్‌లైన్‌లో దొరికే అదే పేరు చుక్కలు, ప్యాచ్‌లు మందే కావు.

ఇంటి పళ్లెం

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2,000 కెలోరీల రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్డు, మాంసం 85, కూరగాయలు 400, పండ్లు 100, గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. మన పళ్లెంలో ధాన్యం దీనికన్నా ఎక్కువ, కూర తక్కువ ఉంటుంది. వారానికి అరకిలో తగ్గితే చాలు, దానికి రోజుకు సుమారు 500 కెలోరీల లోటు కావాలి.

ముందు నూనె. నలుగురున్న ఇంట్లో నెలకు ఐదు లీటర్లు అయిపోతుంటే మనిషికి రోజుకు 38 గ్రాములు. మూడున్నర లీటర్లకు దించితే 27కు వస్తుంది, తలా వంద కెలోరీలు తగ్గినట్టే. నెల సరుకుల్లోనే తక్కువ తెచ్చుకోండి, మూకుడు దగ్గర చెంచాలు లెక్కపెట్టడం పదిరోజులు దాటదు. తర్వాత అన్నం: తలకు 50 గ్రాముల బియ్యం తగ్గించి, ఆ చోటులో గరిటెడు ఆకుకూర పప్పు, రెండు గరిటెల కూర పెంచితే నికరంగా వందకు పైగా తగ్గుతుంది. నాలుగు టీల్లో రెండేసి చెంచాల పంచదార మానితే 160. ముప్పావుగంట చురుగ్గా నడిస్తే 70 కిలోల మనిషికి సుమారు 150. మొత్తం 500 దాటింది. పుట్నాలపప్పు, మీల్ మేకర్, చేపలు, పెరుగు వంటివి ప్రతి పూటా ఏదో ఒకటి ఉంటే కండ కరగకుండా ఉంటుంది. వారానికి రెండుసార్లు గుంజీళ్లు, గోడకు చేతులానించి దండీలు తీసినా మంచిదే.

ఇది తప్పే చోటు కూడా ఉంది. ఆరు, ఎనిమిది వారాలకు కాటా ఆగిపోతుంది. ఒళ్లు తేలికైంది కాబట్టి దానికయ్యే కెలోరీల ఖర్చూ తగ్గింది, పైగా గరిటె మెల్లగా మళ్లీ పెద్దదైంది. ఒక వారం బియ్యం, నూనె తూచి వండితే ఎక్కడ జారిందో దొరుకుతుంది. డబ్బా అమ్మేవాళ్లు ఎక్కువగా వచ్చేది ఈ వారంలోనే.

ఏది ఎవరికి

ఐదు నుంచి పది కిలోలు తగ్గాలి, జబ్బులేవీ లేవంటే ఇంటి పళ్లెం, దానికి తోడు రాత్రి చిరుతిళ్ల అలవాటుంటే ఉపవాసపు గంటలు. పొద్దున వండుకునే వీలే లేకపోతే ఒక పూట పొడి, లేబుల్ చదివి, మూడు నెలల గడువు పెట్టుకుని. షుగర్ మాత్రలు వాడేవాళ్లు ముందు మోతాదు మాట్లాడుకోవాలి, తర్వాతే ఏదైనా. ఒక్కసారిగా బరువు పెరిగినవాళ్లు థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకుని, వాడుతున్న స్టెరాయిడ్, మానసిక చికిత్స మందుల సంగతి డాక్టరును అడగాలి. ఆ మందులు సొంతంగా ఆపకూడదు.

ఇప్పటికే డబ్బు కట్టేసినవాళ్లు రసీదు, 'నెలకు ఇన్ని కిలోలు గ్యారంటీ' అన్న వాట్సాప్ మెసేజీలు, పాంప్లెట్ దాచుకోండి. మందు ఊబకాయాన్ని నయం చేస్తుందని ప్రకటించడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం, ఆ జాబితాలో ఊబకాయం పేరు ఉంది. స్లిమ్మింగ్ సెంటర్ ప్యాకేజీలో వాడని సిట్టింగులకు డబ్బు వెనక్కి ఇవ్వమని ముందు రాతపూర్వకంగా అడగండి. పదిహేను రోజులు చూసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడవచ్చు.